మృదు ఉద్దీపన సంతాన చికిత్స – వయోవర్గాల వారీ సాఫల్యం: బెంజ్ సర్కిల్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: అండాశయాలను తక్కువ మోతాదు మందులతో ప్రేరేపించి చేసే ఐవీఎఫ్ చికిత్సను మృదు ఉద్దీపన పద్ధతి అంటున్నారు. ఇది కొత్తది కాదు. ప్రపంచంలో తొలి పరీక్షనాళిక శిశువు పుట్టింది ఏ ఉద్దీపనా లేని సహజ ఋతుచక్రంలోనే. ఆ ఆరంభం నుంచి భారీ మోతాదులకు, అక్కడి నుంచి తిరిగి తక్కువ మోతాదులకు సాగిన చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సాఫల్య శాతం దేనిని హారంగా తీసుకొని లెక్కించినదో తెలియకుండా పద్ధతుల మధ్య పోలిక చెల్లదనీ, ఫలితాన్ని నిర్ణయించడంలో మందు మోతాదు కంటే స్త్రీ వయసుదే పెద్ద పాత్ర అనీ ప్రతిపాదిస్తుంది. కృష్ణా డెల్టా కుటుంబాల ఆర్థిక, సామాజిక స్థితిగతులను ఈ చర్చకు జోడిస్తుంది.

కీలకపదాలు: మృదు ఉద్దీపనం, ఐవీఎఫ్, సాఫల్య శాతం, వయోవర్గం, బెంజ్ సర్కిల్, కృష్ణా డెల్టా, 2021 చట్టం.

ఉపోద్ఘాతం

విజయవాడ బెంజ్ సర్కిల్ రెండు జాతీయ రహదారుల కూడలి. చెన్నై–కోల్‌కతా మార్గం, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్ళే మార్గం ఇక్కడ కలుస్తాయి. 1980లో సిద్ధార్థ వైద్య కళాశాల, 1986లో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత డెల్టాకు వైద్య కేంద్రంగా విజయవాడ స్థానం స్థిరపడింది. కూడలి నుంచి లబ్బీపేట, మొగల్రాజపురం వైపు సాగే వీధుల్లో ఆసుపత్రుల బోర్డుల మధ్య ‘సంతాన సాఫల్య కేంద్రం’ అన్న పేరు నేడు సర్వసాధారణం. సంతానం కోసం మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునికి మొక్కుకొనే దివిసీమ దంపతులు ఆ మొక్కును వదులుకోకుండానే బెంజ్ సర్కిల్ దారి పడుతున్నారు.

ఆ కేంద్రాల పేరులోనే సాఫల్యం ఉంది. ఏ వయసు స్త్రీకి, ఏ పద్ధతిలో, ఎంత సాఫల్యం అన్న ప్రశ్నకు మాత్రం బోర్డు మీది ఒకే ఒక శాతం జవాబు చెప్పలేదు. ఇటీవలి కాలంలో ‘తక్కువ సూదులు, తక్కువ ఖర్చు, శరీరానికి తక్కువ శ్రమ’ అనే మాటలతో మృదు పద్ధతి ప్రచారంలోకి వచ్చాక ఈ ప్రశ్న మరింత ముఖ్యమైంది.

ఒక్క అండంతో మొదలు

1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డమ్‌లో లూయీ బ్రౌన్ జన్మించింది. ఆ జననం వెనుక రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీల సుమారు పదేళ్ళ కృషి ఉంది. తొలి సంవత్సరాల్లో వారు హార్మోను సూదులతో అండాశయాలను ప్రేరేపించి ఎక్కువ అండాలు సేకరించేవారు. పిండాలు ఏర్పడేవి కాని గర్భం నిలిచేది కాదు. ఉద్దీపన వల్ల ఋతుచక్రం రెండవ సగం దెబ్బతింటోందని అనుమానించి, చివరకు మందులను పక్కన పెట్టారు. స్త్రీ మూత్రంలోని హార్మోనును గంటల వ్యవధిలో పదే పదే కొలుస్తూ, సహజంగా పక్వమయ్యే ఒకే ఒక అండం కోసం అర్ధరాత్రి అయినా కాచుకొని ఉండేవారు. ఆ ఒక్క అండమే లూయీ బ్రౌన్ అయింది.

ఈ విజయానికి మరో ముఖం ఉంది. ఓల్డమ్ రికార్డులను అనంతర కాలంలో పరిశీలించినవారి లెక్క ప్రకారం 1969–78 మధ్య 282 మంది స్త్రీలు ఆ కార్యక్రమంలో పాల్గొన్నారు. పిండ బదిలీ వరకు వచ్చిన చక్రాలు 112. గర్భాలు 5, సజీవ జననాలు 2. చరిత్ర పుస్తకాలు ఆ రెండింటినే గుర్తుంచుకొన్నాయి. లవం వార్త అవుతుంది, హారం అటకెక్కుతుంది. ఈ రంగం చరిత్ర పొడవునా ఇదే కనిపిస్తుంది.

అదే సంవత్సరం అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చికిత్సతో ‘దుర్గ’ అన్న పేరుతో లోకానికి తెలిసిన శిశువు పుట్టింది. ఆయన నడిచిన దారి ఓల్డమ్ దారికి భిన్నం. అండాశయాలను హార్మోనులతో ప్రేరేపించి, పిండాన్ని గడ్డకట్టించి భద్రపరచి, ఉద్దీపన ప్రభావం పోయిన తర్వాతి సహజ చక్రంలో గర్భాశయంలోకి బదిలీ చేశారు. ఉద్దీపన గర్భాన్ని నిలవనివ్వడం లేదన్న చిక్కుకు ఎడ్వర్డ్స్ బృందం మందు మానేసి జవాబు చెప్పగా, కోల్‌కతా వైద్యుడు కాలాన్ని వాయిదా వేసి జవాబు చెప్పారు. నేడు ప్రపంచమంతటా పిండాలను గడ్డకట్టించి ఆపై బదిలీ చేసే పద్ధతికి ఇది పూర్వరూపం. బెంగాల్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం దీన్ని నమ్మలేదు. అవమానాలకు గురైన ముఖోపాధ్యాయ 1981 జూన్ 19న ఆత్మహత్య చేసుకొన్నారు. 1986 ఆగస్టు 6న ముంబయిలో ఇందిరా హిందుజా, టి.సి. ఆనంద్ కుమార్‌ల పర్యవేక్షణలో పుట్టిన శిశువుకు దేశపు తొలి పరీక్షనాళిక శిశువుగా గుర్తింపు దక్కింది. 1997లో ఆ గౌరవం ముఖోపాధ్యాయకు చెందాలని ప్రకటించింది కూడా ఆనంద్ కుమారే. తన కీర్తిని తానే తగ్గించుకొన్న ఇటువంటి శాస్త్రవేత్తలు అరుదు.

సూదిమందుల యుగం

ఒక్క అండం మీద ఆధారపడడం కష్టం. అది చేతికి చిక్కక పోవచ్చు, ఫలదీకరణ చెందక పోవచ్చు, పిండం ఎదగక పోవచ్చు. 1981లో ఆస్ట్రేలియాలో అలన్ ట్రౌన్సన్, కార్ల్ వుడ్ బృందం ఉద్దీపిత చక్రాలలో గర్భాలు సాధించింది. అదే ఏడాది డిసెంబరు 28న అమెరికాలో హోవర్డ్, జార్జియానా జోన్స్ దంపతుల కేంద్రంలో పుట్టిన ఎలిజబెత్ కార్ కూడా హార్మోను ఉద్దీపన ఫలమే. రుతువిరతి దాటిన స్త్రీల మూత్రం నుంచి తీసిన హార్మోనే అప్పటి ప్రధాన ఔషధం. ఇటలీలో దీనికి కావలసిన మూత్రాన్ని కన్యాస్త్రీల మఠాల నుంచి సేకరించేవారు. సంతానం వద్దనుకొని వ్రతం పట్టినవారి శరీరాల నుంచి సంతానం కోరేవారికి మందు అందడం ఈ చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

1984లో లండనులో శరీరపు సొంత హార్మోను నియంత్రణను ముందుగా అణచివేసి, తర్వాత భారీ మోతాదులో ప్రేరేపించే విధానం వచ్చింది. వైద్యునికి తేదీలు చేతిలోకి వచ్చాయి. అండాల సంఖ్య రెండంకెలకు చేరింది. దానితోపాటు అండాశయాలు అతిగా ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ప్రాణాపాయం వరకు వెళ్ళగల అతిఉద్దీపన వ్యాధి, కవలలు, ముగ్గురు శిశువులు, నెలలు నిండని కాన్పులు పెరిగాయి. మన దేశంలో సంతాన సాఫల్య కేంద్రాలు జిల్లా పట్టణాలకు విస్తరించింది ఈ యుగం స్థిరపడ్డాకే. అందువల్ల ఇక్కడి రోగికి ‘ఐవీఎఫ్’ అంటే పది పన్నెండు రోజుల సూదిమందులే అన్న భావన స్థిరపడింది.

వెనుకకు మలుపు

1996లో ఎడ్వర్డ్స్ తానే మరి ఇద్దరు సహరచయితలతో కలిసి, అండాశయ ఉద్దీపనలో విప్లవాత్మకమైన మార్పు రావాలని ఒక సంపాదకీయంలో పిలుపునిచ్చారు. మోతాదులు తగ్గాలి, చక్రాలు తేలిక కావాలి అన్నది దాని సారం. అణచివేత అవసరం లేకుండానే అండం ముందే విడుదల కాకుండా ఆపే కొత్త మందులు ఆ దశాబ్దపు చివరికి వచ్చాయి. క్లోమిఫీన్ 1960ల నుంచే అందుబాటులో ఉన్న మాత్ర. 2001 నుంచి లెట్రోజోల్ మాత్ర కూడా ఈ వాడుకలోకి వచ్చింది. 2007లో అంతర్జాతీయ నిపుణులు పరిభాషను స్థిరపరిచారు. దాని ప్రకారం మందు ఏదీ వాడనిది సహజ చక్రం. మాత్రలతో గాని, తక్కువ మోతాదులో లేదా తక్కువ రోజులు ఇచ్చే సూదులతో గాని 2 నుంచి 7 అండాలు ఆశించేది మృదు ఉద్దీపనం. 8 లేదా అంతకు మించి ఆశించేది సంప్రదాయ ఉద్దీపనం.

లెట్రోజోల్ విషయంలో భారతదేశ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 2011లో కేంద్ర ప్రభుత్వం సంతానలేమికి ఈ మందు వాడడాన్ని నిషేధించింది. నిషేధం అమలులో ఉండగానే, 2014లో 750 మంది స్త్రీలపై జరిగిన అమెరికా అధ్యయనం వెలువడింది. నీటితిత్తుల అండాశయ సమస్య ఉన్నవారిలో లెట్రోజోల్‌తో సజీవ జననాలు 27.5 శాతం, క్లోమిఫీన్‌తో 19.1 శాతం అని అది తేల్చింది. ఇక్కడ నిషేధం 2017లో గాని తొలగలేదు. చవకైన మాత్ర ఆరేళ్ళు చట్టబద్ధంగా దూరమైంది. ఖర్చు తగ్గించగల దారి మూసుకుపోయినప్పుడు నష్టపోయేది ముందుగా చిన్న పట్టణాల రోగులే.

హారం ఏది?

మృదు పద్ధతి సాఫల్యంపై వచ్చిన రెండు ప్రసిద్ధ అధ్యయనాలను పక్కపక్కన పెడితే చదువరికి గందరగోళం కలుగుతుంది.

మొదటిది 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన డచ్ అధ్యయనం. 38 ఏళ్ళలోపు స్త్రీలు 404 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి మృదు ఉద్దీపన, ఒకే పిండం బదిలీ. మరో వర్గానికి సంప్రదాయ ఉద్దీపన, రెండు పిండాల బదిలీ. ఏడాది గడిచేలోగా నెలలు నిండిన సజీవ జననానికి దారితీసిన గర్భాలు మొదటి వర్గంలో 43.4 శాతం, రెండవ వర్గంలో 44.7 శాతం. దాదాపు సమానం. బహుళ గర్భాలు మాత్రం 0.5 శాతం, 13.1 శాతం. ఖర్చు కూడా మృదు వర్గంలోనే తక్కువ.

రెండవది 2016లో వచ్చిన న్యూయార్క్ అధ్యయనం. 39 ఏళ్ళలోపు స్త్రీలు 564 మంది. ఆరు నెలల వ్యవధిలో సజీవ జననాలు మృదు వర్గంలో 49 శాతం, సంప్రదాయ వర్గంలో 63 శాతం. ఈసారి అంతరం స్పష్టం. అయితే అతిఉద్దీపన వ్యాధి మృదు వర్గంలో ఒక్కరికీ రాలేదు, రెండవ వర్గంలో 5.7 శాతం మందికి వచ్చింది. బహుళ గర్భాలు 6.4 శాతం, 32 శాతం.

ఒకటి సమానమంటుంది, మరొకటి కాదంటుంది. రెండూ నిజమే. డచ్ అధ్యయనం హారంగా తీసుకొన్నది చక్రాన్ని కాదు, సంవత్సరాన్ని. ఆ సంవత్సరంలో మృదు వర్గపు స్త్రీలు సగటున 2.3 చక్రాలు చేయించుకోగా, సంప్రదాయ వర్గంవారు 1.7 చక్రాలతో సరిపెట్టుకొన్నారు. అంటే మృదు పద్ధతి ఒక్కో చక్రంలో కొంత వెనుకబడినా, చక్రాలు తేలికైనవి గనుక ఎక్కువసార్లు చేయించుకొని ఆ లోటు పూడ్చుకొన్నారు. న్యూయార్క్‌లో గడువు సగం. పైగా అక్కడా ఒక పిండానికీ రెండు పిండాలకూ మధ్యే పోటీ. కాబట్టి ఆ 14 శాతం అంతరమంతా మందు మోతాదు ఖాతాలో వేయరాదు.

ఇక్కడే బెంజ్ సర్కిల్ ప్రశ్న ముందుకు వస్తుంది. చికిత్స ఖర్చులో పెద్ద పాలు బీమా వ్యవస్థ భరించే దేశంలో ‘ఏడాదికి ఇంత శాతం’ అన్న లెక్క అర్థవంతం. సార్వా పంట డబ్బు చేతికి వచ్చాక గాని, బంగారం కుదువ పెట్టి గాని ఒక్క చక్రానికి సొమ్ము కూడగట్టుకొనే గుడివాడ, అవనిగడ్డ ప్రాంతపు కుటుంబానికి హారం సంవత్సరం కాదు, ఆ ఒక్క చక్రమే. అది విఫలమైతే రెండవ చక్రం దాళ్వా దాకా, కొన్నిసార్లు శాశ్వతంగా వాయిదా పడుతుంది. మృదు పద్ధతి చవక అని విని వచ్చినవారికి, దాని సమానత్వం పునరావృతి మీద ఆధారపడి ఉందని కూడా తెలియాలి. లేకపోతే చవక అన్న మాట సగం నిజమే అవుతుంది. మరోవైపు, మోతాదు తగ్గితే మందుల ఖర్చు తగ్గుతుంది. ఆ మిగులు రెండవ చక్రానికి ఉపయోగపడేలా ముందే ప్రణాళిక వేసిన కుటుంబానికి ఈ పద్ధతి నిజంగా మేలు చేయగలదు. నిర్ణయం మందుది కాదు, లెక్కది.

మృదు చికిత్స మనసుకూ తేలిక అన్నది తరచు వినిపించే వాదం. అదే డచ్ అధ్యయనం ఆందోళన, కుంగుబాటు, శారీరక అసౌకర్యం, నిద్ర విషయాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనుగొనలేదు. ఎదురుచూపు బాధ మోతాదును బట్టి తగ్గదు కాబోలు.

వయసు గీసిన గీత

పై రెండు అధ్యయనాలకూ ఒక ఉమ్మడి పరిమితి ఉంది. 39, ఆపై వయసు స్త్రీలు వాటిలో లేరు. మృదు పద్ధతికి ఉన్న బలమైన సాక్ష్యం చాలావరకు యువతులది. ప్రచారంలో దాన్ని ఎక్కువగా సూచించేది మాత్రం వయసు మీరినవారికి, అండనిల్వ తగ్గినవారికి. ఈ అసంగతి చర్చకు రావలసినంతగా రాలేదు.

వయసు ప్రభావం ఎంతటిదో 2011లో వెలువడిన బ్రిటిష్ విశ్లేషణ చూపింది. 1991–2008 మధ్య అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ నమోదు చేసిన 4,00,135 చక్రాలు దీని ఆధారం. సజీవ జనన అవకాశం సుమారు 15 అండాల వరకు పెరిగి, 20 వరకు నిలకడగా ఉండి, ఆపై తగ్గుతుందని తేలింది. సరిగ్గా 15 అండాలు దొరికిన స్త్రీలలోనే అంచనా ఇలా ఉంది: 18–34 ఏళ్ళవారికి 40 శాతం, 35–37 వారికి 36 శాతం, 38–39 వారికి 27 శాతం, 40 దాటినవారికి 16 శాతం. అండాల సంఖ్య ఒకటే, ఉద్దీపన ఫలితం ఒకటే. మారింది వయసు ఒక్కటే. ఈ అంకెలు తాజా పిండాల బదిలీకి సంబంధించినవి, గడ్డకట్టించిన పిండాలను కలిపితే మొత్తం కొంత పెరుగుతుంది. వయసుతో వాలే గీత మాత్రం అలాగే ఉంటుంది.

మరి అండనిల్వ తగ్గినవారికి మోతాదు పెంచితే? దీనికి 2017లో రెండు జవాబులు వచ్చాయి. అండనిల్వ తక్కువని గుర్తించిన స్త్రీలకు రోజుకు 225 లేదా 450 యూనిట్లు ఇచ్చినా, ప్రామాణిక 150 యూనిట్లు ఇచ్చినా సంచిత సజీవ జననాలు 42.4 శాతం, 44.8 శాతం అని నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటి తేల్చింది. అధిక మోతాదు ఏ లాభమూ చేకూర్చలేదు. మరో అధ్యయనంలో అండాశయ స్పందన తక్కువగా ఉన్న 394 మందిలో కొనసాగిన గర్భాలు మృదు వర్గంలో 12.8 శాతం, సంప్రదాయ వర్గంలో 13.6 శాతం. ఈ వర్గపు స్త్రీలకు భారీ మోతాదు అంటే చాలావరకు ఖర్చు మాత్రమే. 2018లో అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘం కూడా ఇటువంటివారికి మృదు విధానాన్ని గట్టిగా పరిశీలించాలని సూచించింది.

ఈ ఫలితాలన్నీ కలిపి చదివితే ఒక తిరకాసు బయటపడుతుంది. యువతికి మృదు పద్ధతి భద్రత ఇస్తుంది, కాని ఒక్క చక్రపు లెక్కలో కొంత సాఫల్యాన్ని, భవిష్యత్తుకు దాచుకోగల కొన్ని పిండాలను తగ్గిస్తుంది. నలభై సమీపించి అండనిల్వ తగ్గిన స్త్రీకి దాని వల్ల పోయేది స్వల్పం, ఎందుకంటే అధిక మోతాదు తేగలిగేదే స్వల్పం. ‘పెద్ద వయసువారికి మృదు పద్ధతి మంచిది’ అన్న వాక్యం ఈ అర్థంలో నిజం. దాన్ని ‘మృదు పద్ధతి పెద్ద వయసువారికి సంతానం ఇస్తుంది’ అని చదువుకొంటే మాత్రం అది అబద్ధమవుతుంది.

జపానులో ఈ రెండు వాక్యాల మధ్య దూరం స్పష్టంగా కనిపిస్తుంది. టోక్యోలోని కాటో కేంద్రం క్లోమిఫీన్ ఆధారిత అల్ప ఉద్దీపనతో చేసిన 43,433 చక్రాల అనుభవాన్ని 2007లో ప్రకటించింది. ఇంత పెద్ద సంఖ్యలో ఈ పద్ధతిని ఆచరించిన చోట కూడా వయసు పెరిగేకొద్దీ జననాలు తగ్గాయే గాని నిలకడగా లేవు.

తెలుగు నేల మీద ఈ వయోగీతకు మరికొన్ని మెలికలున్నాయి. 2014లో స్పెయిన్, భారత స్త్రీలను పోల్చిన అధ్యయనం భారత స్త్రీల అండాశయాలు దాదాపు ఆరేళ్ళు ముందుగా వృద్ధాప్యం వైపు సాగుతున్నాయని సూచించింది. అదే నిజమైతే ఐరోపా పట్టికలోని 38 ఏళ్ళ గీత ఇక్కడ ముప్ఫైల తొలి భాగంలోనే పడవచ్చు, విదేశీ అంకెలను యథాతథంగా బోర్డు మీదికి ఎక్కించడం తప్పుతోవ పట్టించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, అందులో చాలామంది ఇరవైల నడుమలోనే. గర్భసంచి తొలగింపులోనూ 2015–16 సర్వేలో ఈ రాష్ట్రానిదే దేశంలో మొదటి స్థానం, 8.9 శాతం. బిడ్డను పోగొట్టుకొనో, పునర్వివాహం చేసుకొనో ముప్ఫైల చివర తిరిగి సంతానం కోరే స్త్రీ ఈ సమాజం నుంచే వస్తుంది. ఆమెకు సంతానలేమి పుట్టుకతో వచ్చింది కాదు, ప్రభుత్వ లక్ష్యాల కాలంలో తొందరగా ముగించిన మాతృత్వం అది. 2024 నవంబరులో స్థానిక సంస్థల పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసి, ఎక్కువమంది పిల్లలను కనమని పిలుపునిస్తున్న ప్రభుత్వ విధానం ఈ స్త్రీని ఇంకా చూసినట్టు లేదు.

2019 సెప్టెంబరు 5న ప్రకాశం బ్యారేజీకి ఆవల గుంటూరులో, గోదావరి ప్రాంతానికి చెందిన డెబ్బై ఏళ్ళు దాటిన మహిళ కవల ఆడపిల్లలకు జన్మనిచ్చిన వార్త ప్రపంచమంతా పాకింది. వయసుకు హద్దు లేదని చాలామంది చదువుకొన్నారు. ఆ అండాలు ఆమెవి కావు, దాతవి. గర్భాశయం వయసును కొంత ఓర్చుకొంటుంది, అండం ఓర్చుకోదు. ఆ వార్త నేర్పవలసిన పాఠం ఇది. పత్రికల శీర్షికలు నేర్పింది దీనికి విరుద్ధం.

ఏడు అండాల చట్టం

2005లో భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు వెలువరించినా వాటికి చట్టబలం లేదు. సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2021లో వచ్చి, 2022 జనవరి 25 నుంచి అమలైంది. స్త్రీకి 21–50, పురుషునికి 21–55 ఏళ్ళ పరిమితి పెట్టింది. గుంటూరు ఉదంతం వంటిది ఇకపై చట్టసమ్మతం కాదు. అండదాత వయసు 23–35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే దానం చేయాలి, ఆమె నుంచి 7 అండాలకు మించి తీయరాదు.

ఆ ఏడు అన్న అంకె దగ్గర ఆగవలసి ఉంది. 2007 పరిభాషలో మృదు ఉద్దీపనకు పై హద్దు కూడా ఏడే. ఆ పోలిక చట్టకర్తల ఉద్దేశమో కాదో గాని, ఫలితంలో పేద అండదాత శరీరానికి చట్టం మృదుత్వాన్ని విధించింది. డబ్బు కట్టి చికిత్స పొందే స్త్రీకి అటువంటి హద్దు లేదు. ఆమె విషయంలో చట్టం వేరే సాధనాన్ని ఎంచుకొంది. ఆ కేంద్రంలో చికిత్సకు ఉన్న విజయావకాశాలు, ఖర్చులు, దుష్ప్రభావాలు, బహుళ గర్భం వంటి ప్రమాదాలు దంపతులకు ముందే తెలియజేయడం కేంద్రం బాధ్యత అని నిర్దేశించింది.

అమెరికాలో 1992 చట్టం తర్వాత కేంద్రాల వారీగా, వయోవర్గాల వారీగా ఫలితాలు ప్రచురితమవుతున్నాయి. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ 1991 నుంచి ప్రతి చక్రాన్నీ నమోదు చేస్తోంది, 4 లక్షల చక్రాల విశ్లేషణ సాధ్యమైంది ఆ నమోదు వల్లనే. భారత చట్టం కూడా జాతీయ రిజిస్ట్రీని ఏర్పరిచింది. దంపతులకు చెప్పవలసిన ‘విజయావకాశం’ ఏ వయసువారిది, ఏ పద్ధతిది, మొదలుపెట్టిన చక్రానికా, బదిలీ చేసిన పిండానికా, గర్భ పరీక్షకా, సజీవ జననానికా అన్న వివరాలతో చెబితేనే ఆ నిబంధనకు ప్రాణం. రక్తపరీక్షలో వచ్చిన గర్భాన్ని లవంగా, పిండ బదిలీని హారంగా తీసుకొంటే శాతం బోర్డెక్కడానికి తగినంత పెద్దదవుతుంది. మొదలుపెట్టి మధ్యలో ఆగిన చక్రాలు అందులో కనిపించవు. తక్కువ అండాలతో పనిచేసే మృదు పద్ధతిలో బదిలీ వరకు చేరని చక్రాల వాటా సహజంగానే ఎక్కువ గనుక, హారాన్ని బదిలీకి కుదిస్తే ఆ పద్ధతి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. 36 ఏళ్ళ స్త్రీ బందరు నుంచి వచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర దిగి అడగవలసిన ప్రశ్న ఒకటే: తన వయసువారు వందమంది ఈ చికిత్స మొదలుపెడితే, బిడ్డతో ఇంటికి వెళ్ళినవారు ఎందరు?